నక్షత్రలోకాల ఆటకు ఎలాంటి పుస్తకం కావాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు తమ తమ పాత్రల తరఫున నిర్ణయాలు తీసుకుంటూ, ఫలితం ఎటు పోతుందో తెలియని చోట పాచికలు వేసి తేల్చుకునే రోల్‌ప్లేయింగ్ ఆటల గురించి విశాఖపట్నం నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ ఈ మధ్య తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. కథ నడిపే వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు. ఆట నియమాలు ఒక పుస్తకంలో ఉంటే, ఆ ఆట జరిగే లోకాన్ని, అంటే అక్కడి గ్రహాలను, ఓడలను, ప్రభుత్వాలను, మనుషులను వర్ణించే పుస్తకాలు వేరుగా వస్తాయి. వాటిని సెట్టింగ్ సప్లిమెంట్లు అంటారు. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైన్స్ ఫిక్షన్ సప్లిమెంట్ల గురించే కాబట్టి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మేము ఐదుగురం స్నేహితులం. ఇంతకాలం రాజులు, మంత్రగాళ్లు, రాక్షసులు ఉండే ఆటే ఆడాము. ఇప్పుడు అంతరిక్షంలోకి వెళదామని అందరూ అన్నారు. గేమ్ మాస్టర్‌ని నేనే కాబట్టి ఒక పెద్ద సెట్టింగ్ సప్లిమెంట్ కొని మొదటి నుంచి చివరిదాకా చదివాను. వేల ఏళ్ల చరిత్ర, యుద్ధాలు, రాజవంశాలు అన్నీ బాగున్నాయి. తీరా ఆటకు కూర్చున్నాక మావాళ్లు "ఇప్పుడు మేమేం చేయాలి?" అని అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. లోపం పుస్తకంలో ఉందా, నాలో ఉందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: లోపం మీలో లేదు. చదువుకోవడానికి రాసిన పుస్తకాన్ని మీరు ఆడించడానికి తీసుకున్నారు. రాజులు, రాక్షసుల ఆటలో ఆటగాళ్లకు ఎవరూ చెప్పకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. గుహ కనిపిస్తే లోపల నిధి ఉంటుందని, ఊరు కనిపిస్తే దానికేదో ఆపద వచ్చి ఉంటుందని చిన్నప్పటి కథల వల్లే ఊహించుకుంటారు. అంతరిక్షంలో ఆ ఆసరా ఉండదు. చేతిలో ఓడ ఉన్నవాళ్లు ఎటైనా వెళ్లగలరు. ఎటైనా వెళ్లగలవాళ్లకు ఎటు వెళ్లాలో తోచదు. కాబట్టి సైన్స్ ఫిక్షన్ సప్లిమెంట్ చేయవలసిన మొదటి పని, ఆటగాళ్ల ముందు ఈ వారమే తీసుకోవలసిన ఒక నిర్ణయాన్ని పెట్టడం. ఎన్ని వేల ఏళ్ల చరిత్ర ఉన్నా ఆ పని జరగకపోతే గేమ్ మాస్టర్‌కు అది అక్కరకు రాదు.

ఈ విషయంలో ఈ రంగానికి పునాది వేసిన ట్రావెలర్ అనే ఆటను చూడటం మంచిది. అమెరికాలో మార్క్ మిల్లర్ రూపొందించిన ఆ ఆట 1977లో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా వచ్చింది. అందులో సిద్ధంగా తయారైన విశ్వమేదీ లేదు. విశ్వాన్ని తయారుచేసుకునే పద్ధతి మాత్రమే ఉంది. 1979లో వచ్చిన ఒక సప్లిమెంట్ పదహారు ఉపమండలాల (నక్షత్రపటాన్ని విభజించిన ముక్కల) విశాలమైన ప్రాంతాన్ని వర్ణించింది. అయితే ఆ వర్ణనలో అధిక భాగం, ఒక్కో గ్రహానికి ఒక్కో వరుస చొప్పున రాసిన సంకేతాలే. ఓడరేవు తరగతిని తెలిపే ఒక అక్షరం, ఆ తర్వాత గ్రహం పరిమాణం, వాతావరణం, నీటి శాతం, జనాభా, ప్రభుత్వం, చట్టాల కాఠిన్యం, చివరగా సాంకేతిక స్థాయి. చూడటానికి రైల్వే టైంటేబుల్‌లాగా పొడిగా ఉండే ఆ వరుసలతో గేమ్ మాస్టర్లు దశాబ్దాల తరబడి ఆటలు నడిపారు, ఇప్పటికీ నడుపుతున్నారు.

అదెలా సాధ్యమైందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక గ్రహానికి రేవు 'ఇ' తరగతి అని ఉందనుకోండి. ఆ నియమాల ప్రకారం దాని అర్థం, గట్టి రాతినేల మీద గుర్తు పెట్టిన ఒక చోటు తప్ప అక్కడ ఇంధనం గాని, మరమ్మతు సౌకర్యం గాని లేదని. జనాభా అంకె 9 అని ఉంది. ఆ అంకె పది ఘాతాన్ని సూచిస్తుంది కాబట్టి వంద కోట్లకు తక్కువ కాని మనుషులున్నారన్నమాట. ప్రభుత్వం అంకె 6, అంటే బయటివాళ్లు తెచ్చిపెట్టిన పాలన. సాంకేతిక స్థాయి 5, అంటే సుమారుగా మన 20వ శతాబ్దపు తొలి దశకాల స్థాయి. ఈ నాలుగు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఇంతమంది జనం ఉన్న గ్రహాన్ని ఏలుతున్న బయటివాళ్లు అక్కడ ఒక రేవు ఎందుకు కట్టలేదు? జనం బయటికి పోతారని భయమా? లేక తమ కోసం మరోచోట రహస్యంగా రేవు ఉందా? ఆ రాతినేల మీద మీ ఆటగాళ్ల ఓడ దిగిన రాత్రే ఒక కుటుంబం వచ్చి తమను ఎక్కించుకుని తీసుకుపొమ్మని బతిమాలితే, ఇక "ఇప్పుడు మేమేం చేయాలి?" అని మిమ్మల్ని ఎవరూ అడగరు, వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. పుస్తకం కారణం చెప్పకుండా వదిలేసింది కాబట్టే గేమ్ మాస్టర్ ఊహకు అక్కడ చోటు దొరికింది.

ఈ పద్ధతిని మరో అడుగు ముందుకు తీసుకువెళ్లిన ఆట, 2010లో కెవిన్ క్రాఫర్డ్ ప్రచురించిన స్టార్స్ వితౌట్ నంబర్. అందులో ప్రతి గ్రహానికి రెండేసి లక్షణాలు ఇస్తారు. ఒక్కో లక్షణం కింద అక్కడ ఎదురయ్యే శత్రువులు, తోడ్పడే మిత్రులు, చిక్కులు, విలువైన వస్తువులు, చూడదగిన చోట్లు అనే ఐదు శీర్షికల్లో ఆటకు పనికొచ్చే ముక్కలుంటాయి. పరస్పరం పొసగని రెండు లక్షణాలు ఒకే గ్రహానికి పడినప్పుడు కథ అక్కడే పుడుతుంది. దీనికి ఉచిత సంచిక కూడా ఉంది కాబట్టి మీరు మరేదీ కొనకముందు దాన్ని చదవమని గట్టిగా చెబుతాను.

ఇకమీదట ఏ సప్లిమెంట్ కొనేముందైనా మధ్యలో ఏదో ఒక పుట తెరిచి, అందులో వర్ణించిన చోటు గురించి ఆలోచించండి. అక్కడ ఎవరికి ఏం కావాలి, వాళ్లకు ఎవరు అడ్డుపడుతున్నారు, మీ ఆటగాళ్లు అక్కడికి రాకపోతే వచ్చే వారానికి ఏం జరిగిపోతుంది? ఈ మూడింటికీ ఆ పుటలోనే జవాబు గాని, జవాబు ఊహించుకోవడానికి తగిన ఆధారం గాని దొరికితే ఆ పుస్తకం మీకు పనికొస్తుంది. ఇప్పటికే కొన్న పుస్తకాన్ని మాత్రం పారేయకండి. దాని చరిత్రను చివరి నుంచి వెనక్కి చదవండి. అన్నిటికన్నా ఇటీవలి యుద్ధం ఏది, అందులో ఓడినవాళ్లలో ఇంకా బతికున్నవాళ్లు ఎక్కడున్నారు, గెలిచినవాళ్లు వాళ్లకు ఏం బాకీ ఉన్నారు అన్నది వెతికితే మీకు మొదటి ఆట దొరుకుతుంది. అంతకుముందు జరిగినదంతా, ఎవరైనా అడిగిన రోజున చెప్పుకోవచ్చు.

ప్రశ్న: నేను రేవులో సరుకు రవాణా పని చేస్తాను. ఆదివారాల్లో మా పిల్లలకూ, పక్కింటి పిల్లలకూ ఆట నడుపుతాను. కొన్న పుస్తకాల్లోని గ్రహాలన్నీ మాకు పరాయిగా అనిపిస్తున్నాయి. మన విశాఖనే ఒక అంతరిక్ష రేవుగా మార్చి సొంతంగా సెట్టింగ్ రాసుకోవచ్చా? పిల్లలు నవ్వుతారేమోనని సంకోచం.
– గాజువాక

జవాబు: సంకోచించకండి. మీరు రోజూ చేసే పనిలో ఉన్న వివరం చాలా సప్లిమెంట్లలో కనిపించదు. ఓడరేవు అంటే ఏమిటో తెలియనివాళ్లు రాసిన అంతరిక్ష రేవుల్లో ఒక మద్యశాల, ఒక సంత, నలుగురు దొంగలు తప్ప మరేమీ ఉండవు.

రేవు బయట లంగరేసి వంతు కోసం వేచి ఉన్న ఓడలను బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లందరూ చూస్తారు. ఆ వేచి ఉండే ప్రతి రోజుకూ ఎవరో ఒకరు డబ్బు కట్టుకోవాలన్న సంగతి మీకు తెలుసు. ఎన్ని సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్ అయినా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా లోపలికి రావాలంటే రేవు పైలట్‌ను, అంటే ఓడకు దారి చూపే రేవు మనిషిని, తన ఓడ మీదికి ఎక్కించుకోవాలి. ఈ రెండు విషయాలను యథాతథంగా ఆటలోకి తీసుకువెళ్లండి. ట్రావెలర్ తొలి నియమాల్లో ఆటగాళ్లు ఓడను అప్పు మీద కొంటారు. ఓడ ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టాలి, అంటే నలభై ఏళ్లలో రెండింతల ధర చెల్లించాలి. అలాంటి అప్పున్న ఓడ గ్రహం బయట వంతు కోసం ఆగిపోయింది, వాయిదా రోజు దగ్గర పడుతోంది, చివరికి పైలట్ వచ్చాడు, కానీ ఓడలో అతనికి కనిపించకూడని మనిషి ఒకరున్నారు. ఒక్క తుపాకీ పేలకుండానే మీ ఆదివారం సాయంత్రం గడిచిపోతుంది.

రేవు ఎందుకుంది అన్న ప్రశ్న అంతకన్నా లోతైనది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. 1941లో ఇక్కడ ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిశాక అదే నిర్మాణశాలలో కట్టిన జల ఉష అనే ఓడను 1948లో జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి వదిలారు. ఆ తర్వాత, 1960లలో, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఈ రేవుకు తెచ్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికే కొత్తవలస నుంచి కిరండూల్ వరకు కొండలను తొలిచి, సొరంగాలు తవ్వి రైలు మార్గం వేశారు. బాంబులు వేసిన దేశమే దాదాపు పాతికేళ్లలో ఈ రేవుకు పెద్ద ఖాతాదారు అయింది. ఆ బాంబులకూ ఈ రైలుకూ మధ్య బతికిన ఒక కళాసీ జీవితాన్ని ఊహించండి. శత్రువును చూసి ఊరు వదిలి పారిపోయిన మనిషి, అదే శత్రువు ఓడలోకి ఖనిజం ఎత్తుతున్నాడు. మీ సెట్టింగ్‌కు ఇంతకన్నా గొప్ప చరిత్ర అక్కర్లేదు. మీ ఊహాలోకంలోనూ ఒక రేవు, దూరాన ఒక గని, రెండింటినీ కలిపే ఒకే ఒక్క మార్గం, ఒకప్పుడు బాంబులు వేసి ఇప్పుడు సరుకు కొంటున్న పొరుగు గ్రహం ఉంటే చాలు. గనిలో పనిచేసేవాళ్లు, మార్గం కాపాడేవాళ్లు, రేవును నడిపేవాళ్లు, సరుకు కొనేవాళ్లు ఒకే విషయాన్ని నాలుగు విధాలుగా చూస్తారు. ఆ తేడాల నుంచి మీకు కావలసినన్ని ఆటలు వస్తాయి.

పేర్లు మార్చి రాయండి. విశాఖ అని పేరు పెడితే, పిల్లలు తమకు తెలిసిన వీధిని వెతుక్కుంటూ కథను ఆపేస్తారు. మరొక సూచన: వాళ్లను ఒకసారి ఆర్.కె. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు తీసుకువెళ్లండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామిని 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఆ ఇరుకు గొట్టంలో డెబ్బై అయిదుమంది మనుషులు, టార్పెడోలు, యంత్రాలు, వంటగది అన్నీ ఇమిడిపోయాయి. గుండ్రటి ద్వారాల గుండా వంగి ఒక అర నుంచి మరో అరలోకి వెళ్లిన పిల్లలకు, "ఓడ వెనక భాగంలోకి గాలి రావడం ఆగిపోయింది, తలుపు మూయాలా వద్దా?" అని మీరు అడిగినప్పుడు ఆ తలుపు బరువు తెలుస్తుంది. బొమ్మలతో నిండిన ఖరీదైన ఓడల సప్లిమెంట్లు కూడా ఇవ్వలేని అనుభవం అది.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. పాఠశాల గ్రంథాలయంలో విద్యార్థుల కోసం వారానికొకసారి ఆట నడుపుతున్నాను. సప్లిమెంట్లలో సైన్స్ చాలాచోట్ల తప్పుగా ఉంది. తప్పులు దిద్దుతూ పోతే ఆట ఆగిపోతోంది. దిద్దకపోతే మనసు ఒప్పుకోవడం లేదు. ఎంతవరకు పట్టించుకోవాలి?
– ఉపాధ్యాయిని, మధురవాడ

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. ఆ పట్టుదలను వదులుకోకండి. కాకపోతే పుస్తకంలోని ప్రతి వాక్యాన్నీ ఒకే గీటురాయి మీద పరీక్షించనవసరం లేదు. ఆటగాళ్ల నిర్ణయాలను మార్చే సైన్స్ ఏదో దాన్ని మాత్రం ఖచ్చితంగా పట్టుకోండి. మిగిలినదాన్ని రంగులుగా వదిలేయండి. నా దృష్టిలో అలాంటివి ముఖ్యంగా దూరం, కాలం, బరువు.

కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుడి నుంచి మాట రావడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. అంగారకుడి నుంచి, ఆ గ్రహం ఉన్న చోటును బట్టి, సుమారు 3 నిమిషాల నుంచి 22 నిమిషాల వరకు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ నుంచి 4.24 ఏళ్లు. దీన్ని పాఠంగా చెప్పడం కన్నా ఆటలోనే చూపించండి. అంగారకుడి దగ్గరున్న ఓడ నుంచి సహాయం కోరుతూ సందేశం పంపిన విద్యార్థి, జవాబు వచ్చేలోపు తన తదుపరి పని ఏమిటో చెప్పి తీరాలి. జవాబును మీరు కాగితం మీద రాసి మడిచి పెట్టి, ఆ పని ఆటలో పూర్తయ్యాకే అందించండి. అప్పటికి పరిస్థితి మారిపోయి ఉంటుంది. కాంతి వేగం ఒక హద్దు అన్న సంగతి ఆ పిల్లలు ఇక మరచిపోరు.

కాలం విషయంలో మీ ఓడల ఇంజన్ ఏమిటో మొదటే నిర్ణయించుకోవాలి. మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్య చేరింది. పది నెలలకు పైగా పట్టింది. అదే, భూమి గురుత్వానికి సమానమైన త్వరణంతో సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగిలిన సగం తగ్గించుకుంటూ పోగల ఓడ ఉందనుకుంటే, భూమి, అంగారకుడి కక్ష్యల మధ్య సగటు ఎడమైన 7.8 కోట్ల కిలోమీటర్ల దూరం దాదాపు రెండు రోజుల్లో దాటుతుంది. ఈ లెక్కను మీ విద్యార్థుల చేతనే చేయించవచ్చు. పది నెలల ప్రయాణమున్న లోకంలో వెళ్లినవాళ్లు వలసవాసులవుతారు. రెండు రోజుల ప్రయాణమున్న లోకంలో అంగారకుడికి పెళ్లికి వెళ్లి రావచ్చు. ఏ సప్లిమెంట్ అయినా ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే దాన్ని పక్కన పెట్టండి. ఆ తప్పు మీరు ఎంత దిద్దినా మళ్లీ మళ్లీ అడ్డొస్తుంది.

నక్షత్రాల మధ్య ప్రయాణానికి ఎలాగూ ఒక అసాధ్యాన్ని ఒప్పుకోక తప్పదు. ఒప్పుకునేది ఒక్కటే కావాలి, దాని నియమం మారకూడదు. ట్రావెలర్ ఆటలో ఓడ ఒక్క దూకుడులో (జంప్‌లో) తన ఇంజన్ శక్తిని బట్టి ఒకటి నుంచి ఆరు పార్సెక్‌ల దూరం పోతుంది. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఎంత దూరమైనా ఆ దూకుడుకు పట్టే కాలం సుమారు ఒక వారమే. ఓడ కన్నా వేగంగా పోయే కబురు మరొకటి లేదు. ఈ చిన్న నియమం నుంచి ఎంత రాజకీయం పుట్టుకొస్తుందో చూడండి. రాజధానిలో ప్రభుత్వం మారిపోయినా, సరిహద్దులోని అధికారి కొన్ని నెలలపాటు పాత ప్రభుత్వం పేరుమీదే శిక్షలు వేస్తుంటాడు. భీమునిపట్నంలో 17వ శతాబ్దంలో వ్యాపార స్థావరం పెట్టుకున్న డచ్చివాళ్లు తమ పెద్దల ఆదేశాల కోసం నెలల తరబడి ఓడల దారి చూసినవాళ్లే కదా. మీ విద్యార్థులను ఆ ఊరి డచ్చి సమాధుల దగ్గరికి తీసుకువెళ్లే అవకాశముంటే, చరిత్ర ఉపాధ్యాయులను కూడా వెంట రమ్మనండి.

బరువు సంగతి. కృత్రిమ గురుత్వం కోసం తిరిగే స్టేషన్‌ను వాడే పుస్తకాల్లో దాని వ్యాసార్థాన్ని చూడండి. నిమిషానికి రెండుసార్లు తిరుగుతూ భూమి మీది బరువును కలిగించాలంటే సుమారు 224 మీటర్ల వ్యాసార్థం కావాలి. చిన్న ఓడలో అదే బరువు కావాలంటే చాలా వేగంగా తిరగాలి. అప్పుడు తల తిప్పినా కడుపులో తిప్పుతుంది, విసిరిన బంతి పక్కకు వంగి పోతున్నట్టు కనిపిస్తుంది. తగువు జరిగే సన్నివేశంలో ఆ వంపును వాడుకోండి, బాగుంటుంది.

ఇక గ్రహాల కోసం ఊహ మీదే ఆధారపడనవసరం లేదు. మనకు దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమి అంత పరిమాణంలో ఏడు గ్రహాలున్నట్టు 2017లో ప్రకటించారు. అన్నిటికన్నా లోపలి గ్రహానికి ఒక ఏడాది మన రోజున్నర. అవి ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రం వైపు తిప్పి ఉండవచ్చని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అలాంటి గ్రహం మీద ఒక వైపు ఎడతెగని పగలు, మరో వైపు ఎడతెగని రాత్రి, మధ్యలో సంజవెలుగు సన్నని పట్టీలా ఉంటుంది. ఆ పట్టీలో భూమి ఎవరిదన్న తగాదా ఒక్కటే ఒక విద్యా సంవత్సరం పొడవునా ఆడించడానికి సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తన పిన్ని పిల్లలతో కలిసి ఆడుతుంది, గేమ్ మాస్టర్‌గా నేనే కూర్చుంటున్నాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పుటల్లో గీతలు గీసిన పెట్టెల్లో అచ్చువేసిన వర్ణనలను చదివి వినిపిస్తుంటే పిల్లలు దిక్కులు చూస్తున్నారు. అన్నీ తెలుగు చేయడం నాకు సాధ్యం కాదు. ఏం చేయాలి? పుస్తకంలో కొన్ని భయానక సన్నివేశాలు కూడా ఉన్నాయి.
– గృహిణి, సీతమ్మధార

జవాబు: ఆ పెట్టెల్లోని వర్ణనలను చదివి వినిపించకండి. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు కూడా అచ్చు వాక్యాలను చదివి వినిపిస్తుంటే ఎక్కువసేపు వినరు. ముందురోజు ఆ పుటను మీరు చదువుకుని, పుస్తకం మూసేసి, గుర్తున్నదాన్ని ఒక కాగితం మీద నాలుగైదు ముక్కలుగా రాసుకోండి. చోటు ఎలా ఉంది, ఏం వాసన వస్తోంది, అక్కడ ఎవరున్నారు, వాళ్లు ఏం చేస్తూ కనిపించారు, ఏది తేడాగా ఉంది. మరునాడు ఆ కాగితం చూసుకుంటూ, మీ ఇంట్లో కథ చెప్పినట్టే చెప్పండి. గుర్తులేకపోయిన సంగతి చాలావరకు అవసరం లేని సంగతే. ఎయిర్‌లాక్, ఇంజన్, రాడార్ వంటి మాటలను అలాగే వాడండి, పిల్లలకు అవి తెలుసు.

గ్రహవాసుల పేర్ల విషయంలో మాత్రం కొంచెం శ్రద్ధ తీసుకోండి. పుస్తకంలోని పేర్లు నోరు తిరగనివైతే, ఒక్కో గ్రహానికి ఒక్కో పేరుపెట్టే అలవాటు మీరే నిర్ణయించండి. ఒకచోట ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు, మరోచోట పుట్టిన ఓడ పేరు ముందు చెప్పుకుంటారు, ఇంకోచోట వయసు తెలిసేలా అక్క, బాబాయి వంటి వరుస కలపకుండా పిలిస్తే అవమానంగా భావిస్తారు. పేరు వినగానే ఏ ఊరి మనిషో పిల్లలు పోల్చుకోగలిగితే, వర్ణనలో సగం భారం తగ్గుతుంది.

భయం గురించి మీరు అడిగినందుకు సంతోషం. ఆట మొదలుపెట్టేముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఏది ఉంటే తమకు బాగుండదో అడగండి. సూదులు, పురుగులు, చీకటి గదులు, చిన్నపిల్లలకు ఆపద వంటివి ఎవరైనా వద్దంటే, కారణం అడగకుండా తీసేయండి. ఆట మధ్యలో ఎవరైనా చేయెత్తితే ఆ సన్నివేశాన్ని అక్కడికక్కడే దాటేస్తామని మాట ఇవ్వండి. పెద్దవాళ్ల బృందాలు కూడా ఈ పద్ధతి పాటిస్తాయి. భయం ఆటలో ఉండవచ్చు, అది పిల్లలు ఒప్పుకున్న భయమై ఉండాలి.

ప్రశ్న: దిగుమతి పుస్తకాలు చాలా ఖరీదు. స్నేహితులు స్కాన్ చేసిన ప్రతులు పంపుతామంటున్నారు. రకరకాల పాచికలు కూడా కొనాలా?
– డిగ్రీ విద్యార్థి, అనకాపల్లి

జవాబు: స్కాన్ ప్రతులు తీసుకోకండి. ఈ రంగంలో చాలా పుస్తకాలు ఒకరిద్దరు మనుషులు సొంతంగా రాసి, సొంతంగా అమ్ముకునేవి. ఆ కొద్దిపాటి అమ్మకాల మీదే వాళ్ల తర్వాతి పుస్తకం ఆధారపడి ఉంటుంది. రచయితలే ఉచితంగా ఇచ్చే సంచికలు చాలా ఉన్నాయి. 2009లో వచ్చిన ఎక్లిప్స్ ఫేజ్ అనే సైన్స్ ఫిక్షన్ ఆటను, వ్యాపారం చేయనంతవరకు ఎవరైనా పంచుకోవచ్చన్న క్రియేటివ్ కామన్స్ షరతు మీద విడుదల చేశారు. అది పెద్దల కోసం రాసిన ఆట అన్న సంగతి గుర్తుంచుకోండి. పాచికల కోసం ఖర్చు పెట్టకండి. ట్రావెలర్ తరహా ఆటలకు ఏ బొమ్మల దుకాణంలోనైనా దొరికే ఆరు ముఖాల పాచికలు రెండు చాలు. రెండింటినీ కలిపి వేస్తే 7 పడే అవకాశం 36లో 6, 12 పడే అవకాశం 36లో ఒకటే. అందుకే ఆ పాచికలతో తయారయ్యే గ్రహాల్లో మధ్యస్థమైనవి ఎక్కువ, విపరీతమైనవి అరుదు.

ప్రశ్న: సొంత సెట్టింగ్ రాస్తున్నాను. ఎంత రాసినా ఇంకా మిగిలి ఉన్నట్టే ఉంది. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలి?
– భీమునిపట్నం

జవాబు: ఈ ఆదివారమే మొదలుపెట్టండి. ట్రావెలర్ పద్ధతిలో ఒక ఉపమండలం అంటే అడ్డం ఎనిమిది, నిలువు పది చొప్పున ఎనభై షడ్భుజి గడులు. అందులో దాదాపు సగం గడుల్లో గ్రహాలుంటాయి. ఆ నలభై గ్రహాలనూ వర్ణించాకే ఆట అనుకుంటే మీ స్నేహితులు ఈలోపు మరో ఆట వెతుక్కుంటారు. ఆటగాళ్లు ఉన్న గ్రహాన్ని ఒక పుటలో, అక్కడి నుంచి ఒక్క దూకుడులో చేరగల గ్రహాలను తలా నాలుగు వాక్యాల్లో రాయండి. మిగతావాటికి పేరు, ఒక పుకారు ఉంటే చాలు. ఆ పుకారు నిజమో అబద్ధమో ఆటగాళ్లు అటువైపు ఓడ తిప్పిన రోజున నిర్ణయించవచ్చు.

ప్రతి ఆట ముగిశాక, ఆ రోజు ఎవరినోటైనా కొత్తగా పుట్టిన వివరాన్ని తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఒక ఆటగాడు మాటవరసకు "మా అమ్మ ఆ గ్రహంలోనే నర్సు" అని ఉంటే అది కూడా రాయండి. వచ్చే వారం ఆ గ్రహంలో ఆసుపత్రి ఒకటి ఉండాలి, అందులో ఆమె పని చేస్తూ ఉండాలి.